మోటారు లెక్క



యాసంగి నాట్లు ముమ్మరమయ్యాయంటే మన దగ్గర మోటారు వైండింగ్ దుకాణాలకు పని మొదలైనట్టే. నర్సంపేట, పరకాల, జనగామ, వర్ధన్నపేట, ఎటు వెళ్లినా ఇదే వరస. బోర్లలోంచి లాగిన సబ్‌మర్సిబుల్ మోటార్లు దుకాణం ముందు వరసగా పడుకోబెట్టి ఉంటాయి. దగ్గరికి వెళ్తే మాడిన వార్నిష్ వాసన. పదిహేను ఇరవై ఏళ్ల కిందటితో పోలిస్తే ఇప్పుడు తగ్గింది, కానీ పోలేదు. ఏమైందని రైతును అడిగితే అప్పుడూ ఇప్పుడూ ఒకటే జవాబు: "కరెంటు తక్కువొచ్చింది సార్, మోటరు కాలింది."

ఆ రైతు కొడుకు పదో తరగతి చదువుతుంటే మాత్రం ఈ మాటకు నెత్తి గోక్కోవాలి. వాడికి బళ్లో చెప్పింది దీనికి సరిగ్గా ఎదురు. వోల్టేజి తగ్గితే ఆంపియర్లు తగ్గుతాయి, ఆంపియర్లు తగ్గితే వేడి తగ్గుతుంది. ఆ లెక్కన లో వోల్టేజిలో మోటారు చల్లగా ఉండాలి, కాలడమేమిటి? మరి పాఠం తప్పా, నాయన మాట తప్పా? రెండూ ఒప్పే. రెండూ ఎట్లా ఒప్పవుతాయో ఇవాళ చూద్దాం. రేడియోలో నల్లబల్ల ఉండదు కాబట్టి చేతికందే చోట ఓ కాగితం, పెన్ను పెట్టుకోండి. గుణకారం, భాగహారం వస్తే చాలు.

కాకతీయులు చెరువులు తవ్వించిన గడ్డ మనది, అందుకని చెరువుతోనే చెబుతాను. చెరువులో నీటిమట్టం ఎంతో, అది వోల్టేజి. తూములోంచి సెకనుకు ఎన్ని నీళ్లు పారుతున్నాయో, అవి ఆంపియర్లు. తూము ఇరుకు ఎంతో, అది నిరోధం. నిరోధానికి కొలత ఓమ్. మట్టం పెరిగితే పారకం పెరుగుతుంది, తూము ఇరుకైతే తగ్గుతుంది. పోలికను ఇక్కడితో ఆపేద్దాం, ఇంతకన్నా లాగితే తెగుతుంది.

లెక్క ఇంతే. ఒక వస్తువుకు అందుతున్న వోల్టులు, అందులో పారుతున్న ఆంపియర్లు, ఈ రెండు అంకెలు మన చేతిలో ఉండాలి. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే దాని నిరోధం, ఓమ్‌లలో. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే అది తీసుకునే సామర్థ్యం, వాట్లలో. అదే రెండంకెలు, ఒకసారి భాగించాలి, ఒకసారి గుణించాలి.

ఇంట్లో గీజరుతో మొదలుపెడదాం. దానిమీద 230 వోల్టులు, 2000 వాట్లు అని రాసి ఉంటుంది. 2000ను 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు. ఇప్పుడు 230ని ఆ 8.7తో భాగించండి, 26 ఓమ్‌లకు కాస్త ఎక్కువ వస్తుంది. అది లోపలి కాయిల్ నిరోధం. కాయిల్ నిక్రోమ్ తీగ, వేడెక్కినా దాని నిరోధం పెద్దగా మారదు. ఓ సాయంత్రం వోల్టేజి 180కి పడిందనుకోండి. 180ని 26.4తో భాగిస్తే 6.8 ఆంపియర్లు. 180ని 6.8తో గుణిస్తే 1225 వాట్ల దగ్గర తేలుతుంది. వోల్టేజి అయిదో వంతు పైచిలుకు తగ్గితే వేడి అయిదింట దాదాపు రెండు వంతులు పోయింది. నీళ్లు కాగడానికి ఆలస్యమవుతుంది, అంతకుమించి నష్టం లేదు. లో వోల్టేజికి గీజరు కాలిపోయిందని ఎవరూ అనగా నేను వినలేదు. పదో తరగతి పాఠం గీజరు దగ్గర అక్షరాలా నిజం.

ఈ సూత్రం కనిపెట్టిన గేయోర్గ్ సైమన్ ఓమ్ జర్మనీలోని కొలోన్ పట్టణంలో బడిపంతులు, తాళాలు చేసే పనివాడి కొడుకు. విచిత్రమేమంటే ఆయనకూ మన రైతు కష్టమే వచ్చింది: వోల్టేజికి నిలకడ లేదు. ఆ రోజుల బ్యాటరీలు ప్రయోగం నడుస్తుండగానే నీరసపడిపోయేవి. చివరికి బ్యాటరీని పక్కన పడేసి, బిస్మత్‌ను రాగిని రెండు చోట్ల అతికించి, ఒక అతుకును మరిగే నీళ్లలో, రెండోదాన్ని మంచులో ఉంచాడు. ఆ వేడి తేడాకు పుట్టే వోల్టేజి బహు స్వల్పం, కానీ కదలకుండా నిలబడుతుంది. ఆ కొలతల తర్వాత 1827లో పుస్తకం వేశాడు. సొంత దేశంలో మొదట ఆదరించినవాళ్లు తక్కువ. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చాక గౌరవం దక్కింది. అదే 1841లో ఇంగ్లండులో జేమ్స్ జౌల్ మరో సంగతి ప్రచురించాడు. తీగలో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుందట. అంటే ఆంపియర్లు రెట్టింపైతే వేడి నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. ఈ వర్గం సంగతి గుర్తుపెట్టుకోండి, మోటార్లను కాల్చేది ఇదే.

మోటారు దగ్గరికి పోయేముందు పాతకాలం ఫిలమెంటు బల్బును ఒకసారి చూద్దాం. 100 వాట్ల బల్బు 230 వోల్టుల మీద 0.43 ఆంపియర్లు తీసుకుంటుంది, భాగిస్తే 529 ఓమ్‌లు. కానీ ఆర్పేసిన బల్బును విప్పి మల్టీమీటరుతో కొలిస్తే నలభై ఓమ్‌లకు అటూ ఇటూగా చూపిస్తుంది. మీటరు చెడిపోలేదు. టంగ్‌స్టన్ తీగ తెల్లగా కాలుతున్నప్పుడు నిరోధం పది పదిహేను రెట్లు పెరుగుతుంది. బల్బు వెలుగుతూ వెలుగుతూ పోవడంకన్నా స్విచ్చి వేసిన క్షణంలో పోవడమే ఎక్కువగా చూసి ఉంటారు. చల్లటి తీగలోకి ఒక్కసారిగా పదింతల ఆంపియర్లు దూకడమే అందుకు కారణం. కాబట్టి భాగిస్తే వచ్చే ఓమ్‌లు ఆ వస్తువు ఆ క్షణంలో ఉన్న స్థితికి చెందినవి. వస్తువుకు అది పుట్టుమచ్చ కాదు.

ఇప్పుడు మోటారు. 5 హార్స్‌పవర్ బోరు మోటారునే తీసుకుందాం. హార్స్‌పవర్ అంటే 746 వాట్లు, అయిదింటికి 3730. ఈ శక్తి ఎక్కడికి పోతుంది? 50 మీటర్ల లోతు నుంచి సెకనుకు 4 లీటర్ల నీళ్లు పైకి తేవాలంటే, 4ను 50తో, దాన్ని 9.8తో గుణించండి: 1960 వాట్లు. ఇది ఉత్త నీళ్ల బరువు ఎత్తడానికే. పంపు తనలో తాను సగానికి దగ్గరగా వృథా చేస్తుంది కాబట్టి దాని ఇరుసుకు 3700 వాట్లు అందించాలి. మోటారు కూడా తన వంతు తింటుంది. మొత్తం మీద స్తంభం నుంచి 4600 వాట్లకు పైగా లాగితే తప్ప ఆ నీళ్లు పైకి రావు.

మూడు ఫేజుల మోటారుకు గుణకారం కాస్త మారుతుంది. ఫేజుకూ ఫేజుకూ మధ్య ఉన్న వోల్టులను ఒక తీగలోని ఆంపియర్లతో గుణించి, ఆపైన 1.73తో, పవర్ ఫ్యాక్టర్‌తో గుణించాలి. మన పొలం మోటార్లకు పవర్ ఫ్యాక్టర్, అంటే పారే ఆంపియర్లలో నిజంగా పనికొచ్చే వంతు, 0.8 అనుకుంటే ఈ రెండూ కలిసి దాదాపు 1.4. మీ ప్యానెల్ బోర్డు మీద రెండు ముళ్లు ఉంటాయి కదా, ఒకటి వోల్టులది, ఒకటి ఆంపియర్లది. రెండూ చూసి గుణించి, పైన 1.4తో గుణించండి, వాట్లు వస్తాయి. 415 వోల్టులు, 8 ఆంపియర్లు, 1.4: 4650 వాట్లు. గంటకు నాలుగున్నర యూనిట్ల పైన.

రైతు మాటకూ పాఠానికీ తేడా ఇక్కడే పడుతుంది. మోటారు వైండింగ్‌ను కొలిస్తే కొన్ని ఓమ్‌లే ఉంటుంది. వోల్టులను వాటితో భాగిస్తే పదుల ఆంపియర్లు రావాలి, కానీ నడుస్తున్న మోటారులో 8 మాత్రమే పారుతున్నాయి. తిరుగుతున్న మోటారు సరఫరాకు ఎదురుగా తన లోపలే ఒక వోల్టేజిని పుట్టించుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. ఎన్ని ఆంపియర్లు రావాలన్నది తీగ నిరోధం కన్నా దానిమీద ఉన్న బరువే ఎక్కువగా నిర్ణయిస్తుంది. వోల్టేజి పడిందని బోరులో నీళ్ల బరువు తగ్గదు. మోటారు కొద్దిగా నెమ్మదించి, ఆ పని చేయడానికి కావలసిన వాట్లను ఆంపియర్లు పెంచి తెచ్చుకుంటుంది. 415 కాస్తా 330కి పడిందనుకుంటే, 4650ను 330తో, ఆపైన 1.4తో భాగించండి. 10 ఆంపియర్లు దాటుతుంది. వేగం తగ్గినప్పుడు నీళ్లూ కొంచెం తగ్గుతాయి కాబట్టి అసలు అంకె ఇంతకన్నా కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, పోకడ మాత్రం ఇదే. ఇప్పుడు జౌల్ వర్గాన్ని తెచ్చి పెట్టండి. 8 నుంచి 10కి అంటే నాలుగో వంతు పెరుగుదలే కదా అనిపిస్తుంది. వైండింగ్‌లో వేడి మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది. తీగ మీది వార్నిష్ ఆ వేడిని ఎన్నాళ్లో ఓర్చుకోదు.

గీజరుకు వోల్టేజి తగ్గితే వాట్లు తగ్గుతాయి. మోటారుకు తగ్గితే ఆంపియర్లు పెరుగుతాయి. అదీ సంగతి. కొడుకు చదివింది గీజరు, నాయన చూసింది మోటారు.

మొదలుపెట్టేటప్పుడు ఇంకా కష్టం. ఆగి ఉన్న మోటారులో ఎదురు వోల్టేజి ఉండదు. నేరుగా స్టార్టు చేస్తే మామూలుకు ఆరింతలు, అంటే 48 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ ఒకటి రెండు సెకన్లు గడిచి తిరగడం అందుకుంటే దిగిపోతుంది. కానీ మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 330 దగ్గర ఆ బలం 63 శాతమే. తిరగలేక గుర్రుమంటూ నిలబడిపోయిందంటే, ఆ వోల్టేజి దగ్గర అయిదింతలకు కాస్త తక్కువే అయినా, ఆ ఆంపియర్లు దిగనే దిగవు, వేడి ఇరవై రెట్ల పైన. అక్కడ నిమిషాల పని కూడా కాదు.

ఇప్పుడు ఆటో స్టార్టర్ల సంగతి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది. అంతకుముందు వంతులవారీగా, చాలాసార్లు అర్ధరాత్రి, కరెంటు వచ్చేది. నిద్ర మానుకుని బాయికాడికి పోలేక రైతులు, కరెంటు రాగానే మోటారును తనంతట తానే నడిపించే ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, చీకట్లో పాములూ తేళ్లూ తిరిగే గట్ల మీద నడిచింది వాళ్లే. కానీ లెక్క వేరే చెబుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫేజుకు 33 ఆంపియర్లు ఇవ్వగలదు. 8 చొప్పున నాలుగు మోటార్లు, 32. సరిగ్గా సరిపోయింది. పోయిన కరెంటు తిరిగి వచ్చిన క్షణంలో నాలుగు ఆటో స్టార్టర్లూ ఒకేసారి అందుకుంటే నాలుగు నలభై ఎనిమిదులు 192. ఫ్యూజు ఎగరాలి, లేదా వోల్టేజి కుప్పకూలి నాలుగు మోటార్లూ గుర్రుమంటూ నిలబడాలి. 24 గంటల సరఫరా ఇస్తూనే ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పడానికి ఇదీ ఒక కారణం. భూగర్భజలం తోడేస్తారన్న భయం ఇంకో కారణం.

స్తంభం నుంచి బాయి దాకా లాగిన తీగను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగకు కిలోమీటరుకు 7.4 ఓమ్‌ల నిరోధం. మీ బాయి 300 మీటర్ల దూరంలో ఉందంటే ఒక్కో తీగకు 2.2 ఓమ్‌లు. 8 ఆంపియర్లతో గుణించండి, ఒక్కో ఫేజులో 17 వోల్టుల పైన దారిలోనే పోయాయి. ఫేజుకూ ఫేజుకూ మధ్య చూస్తే స్తంభం దగ్గర 415 ఉన్నది మోటారు దగ్గర 390కి దిగింది. ఆ పదిహేడున్నరను మళ్లీ 8తో గుణిస్తే 140 వాట్లు, మూడు తీగలకు 420. రోజుకు పది గంటలు నడిపితే నాలుగు యూనిట్లు గట్టు వెంబడి గాలిని వెచ్చబెట్టడానికి పోతున్నాయి. అదే 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నిరోధం ఒక ఓమ్ కన్నా తక్కువ, నష్టం సగం కూడా ఉండదు. తీగ ఖరీదు ఎక్కువే. వైండింగ్ ఖర్చు పక్కన రాసుకుని చూడండి.

పక్కన రాసుకోవడం అన్నాను కదా, ఆ అలవాటే మనకు పోయింది. 2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పడింది. ఈ గట్టినేలలో, రాతిపొరల్లోంచి నీళ్లు తోడుకునే ప్రాంతానికి అది అవసరమైన పనే, దాన్ని నేను కాదనను. కానీ మీటరు లేదు, బిల్లు లేదు, యూనిట్ల మాట లేదు. బిల్లు వచ్చేది వైండింగ్ దుకాణం నుంచి, అందులో యూనిట్లు కనబడవు. ఉచిత కరెంటుతో పాటే అప్పటి ప్రభుత్వం నాలుగు పనులు చేసుకోమంది: ఐఎస్ఐ మార్కు పంపుసెట్టు, రాపిడి తక్కువ ఉండే ఫుట్‌వాల్వు, మంచి పైపు, కెపాసిటరు. కెపాసిటరు చేసే పని చూడండి. 5 హార్స్‌పవర్ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటరు కలిపితే పవర్ ఫ్యాక్టర్ 0.8 నుంచి 0.95కు వస్తుంది, అవే నీళ్లకు తీగలో 8 ఆంపియర్లకు బదులు 6.7 పారతాయి. తీగలో వేడి నూటికి ముప్పై వంతులు దిగుతుంది. వైండింగ్ లోపల మాత్రం ఆంపియర్లు తగ్గవు, లాభం కెపాసిటరు నుంచి స్తంభం వైపు. పక్క రైతుకు కూడా వోల్టేజి మెరుగవుతుంది. బహుశా అందుకే చాలామంది పెట్టలేదు!

ఉమ్మడి రాష్ట్రంలో 2000 తర్వాతి దశకంలో పొలాల మధ్యకే 11 వేల వోల్టుల లైను తెచ్చి, ముగ్గురు నలుగురు రైతులకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే పద్ధతి మొదలైంది. దాని వెనక ఉన్నదీ ఈ గుణకారమే. 16 కేవీఏ భారం 415 వోల్టుల మీద 22 ఆంపియర్లు, 11 వేల మీద ఒక ఆంపియరు కూడా కాదు. ఆంపియర్లు 26 రెట్లు తగ్గాయి. అదే తీగలో వేడి? 26ను 26తో గుణించండి, దాదాపు 700 రెట్లు తక్కువ. చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం రెండు యూనిట్లూ కలిపి 1100 మెగావాట్లు. దాన్ని 415 వోల్టుల మీదే పంపాలంటే 15 లక్షల ఆంపియర్లు మోసే తీగ కావాలి. 4 లక్షల వోల్టుల మీద అయితే 1600 చాలు. పొలాల మీదుగా పోయే ఆ పెద్ద టవర్లను తిట్టుకునేవాళ్లు ఈ భాగహారం కూడా ఒకసారి చేయాలి.

ఒక చిట్కా గురించి హెచ్చరించాలి. లో వోల్టేజికి తట్టుకోవాలని కొందరు వైండింగ్‌లో చుట్లు తగ్గించి చుట్టిస్తారు. 300 దగ్గర బాగానే నడుస్తుంది. కానీ సరఫరా మెరుగై 415 వచ్చిన రోజున ఇనుప కోరు అంత అయస్కాంతాన్ని మోయలేదు, ఆంపియర్లు ఎగబాకి ఈసారి వోల్టేజి ఎక్కువై కాలుతుంది. రైతుకు మాత్రం "మంచి కరెంటొచ్చినా కాలె" అన్న అనుమానమే మిగులుతుంది. మీ మోటారు మొదటి రోజు, వోల్టేజి బాగున్నప్పుడు, ఎన్ని ఆంపియర్లు తీసుకుందో ప్యానెల్ బోర్డు తలుపు లోపల మార్కరుతో రాసి పెట్టండి. ఆ అంకె నాలుగో వంతు పెరిగినట్టు కనిపిస్తే ఆపేయండి. ఒక ఫేజు పోయినా మిగతా రెండిట్లో ముల్లు ఇట్లాగే ఎగబాకుతుంది, ఇంకా ఎక్కువగా. సింగిల్ ఫేజ్ ప్రివెంటరు పెట్టుకున్నవాళ్లకు ఆపే పని అదే చేస్తుంది.

ఆఖరుగా ఇంకో నిరోధం, మన ఒంటిది. పొడి చర్మానికి నిరోధం బాగా ఎక్కువ. తడి చేతులు, బురదలో ఉత్త కాళ్లు, అప్పుడు వెయ్యి ఓమ్‌లకు పడిపోవచ్చు. 230ని వెయ్యితో భాగించండి: 0.23 ఆంపియరు. 8, 48, 192 అంకెలు విన్న చెవికి ఇది లెక్కలోకే రాదు. గుండె లయ తప్పడానికి ఇందులో సగం చాలు. 15 ఆంపియర్ల ఫ్యూజుకు ఈ పావు ఆంపియరు పారిన సంగతే తెలియదు, అది కరగదు, ఎగరదు. ఇళ్లలో పెట్టే రక్షణ స్విచ్చి ఆర్‌సీసీబీ 0.03 ఆంపియరు తేడాకే పడిపోయేలా చేసింది అందుకే, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అలాంటిది ఉండదు. నీళ్లు పారే మడి పక్కన, చెప్పులు విడిచి, ఫ్యూజు తీగ చుట్టడానికి ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కే తమ్ముళ్లకు చెబుతున్నాను. ఫ్యూజు పోతే 1912కు ఫోన్ చేయండి, లైన్‌మన్ వచ్చేదాకా మడి ఎండినా సరే ఆగండి.